ఎవరు ఎవరి వైపు నడవాలి? క్రైస్తవ ఐక్యతా ప్రార్థనా వారం: ఒక చారిత్రక పరిశీలన

ప్రతి సంవత్సరం జనవరి 18 నుండి 25 వరకు అనేక దేశాల్లో వేర్వేరు సంఘశాఖల విశ్వాసులు ఐక్యత కొరకు కలిసి ప్రార్థిస్తారు. తన వారందరూ ఏకమై ఉండాలని ప్రభువు చేసిన ప్రార్థన (యోహాను 17:21) దీనికి ఆధారం. అయితే ఈ వారం చరిత్రను పరిశీలిస్తే, ఐక్యత కొరకు ప్రార్థించిన వారందరూ ఒకే ఐక్యతను కోరలేదని గ్రహిస్తాం.

దీనిని 1908లో అమెరికాలోని గ్రేమూర్‌లో పాల్ వాట్సన్ అనే ఆంగ్లికన్ సన్యాసి ప్రారంభించాడు. పేతురు పీఠాన్ని స్మరించే పండుగతో మొదలై పౌలు మారుమనస్సు పండుగతో ముగిసేలా ఎనిమిది దినాలను ఎంచుకొన్నాడు. ఐక్యత అంటే పోపుతో ఏకమగుటయే అని ఆయన నమ్మిక. 1909లో ఆయన, ఆయన సహవాసం రోమన్ కథోలిక సంఘంలో చేరారు. ఆ ప్రార్థనలో నడవవలసినది ఇతరులే. రోమా ఉన్నచోటనే ఉంటుంది. కనుక ప్రొటెస్టెంటులు అందులో మనస్ఫూర్తిగా పాలుపొందలేకపోయారు. 1926 నుండి ఫెయిత్ అండ్ ఆర్డర్ ఉద్యమం పెంతెకొస్తు కాలంలో ఐక్యతా ప్రార్థన కొరకు వేరుగా సూచనలు ప్రచురించసాగింది.

1930లలో ఫ్రాన్సులోని లియోన్ నగరానికి చెందిన కథోలిక గురువు పాల్ కుతూరియే ఈ ప్రార్థన దిశను మార్చాడు. క్రీస్తు కోరిన ఐక్యతను, ఆయన కోరిన మార్గంలోనే అనుగ్రహించమని అడగాలన్నాడు. ఇది చిన్న మార్పు కాదు. ఎవరు ఎవరి వద్దకు రావాలో నిర్ణయించే అధికారాన్ని ప్రార్థించేవారు ప్రభువుకు అప్పగించారు. రెండవ వాటికన్ మహాసభ 1964లో ఐక్యతా ఉద్యమానికి ప్రార్థనను ప్రాణంగా గుర్తించింది. వరల్డ్ కౌన్సిల్ ఆఫ్ చర్చెస్, రోమన్ కథోలిక సంఘం కలిసి సిద్ధపరచిన ప్రార్థనాక్రమం 1968లో మొదటిసారి వాడుకలోకి వచ్చింది.

మన ప్రాంతంలో ఐక్యతాయత్నం సంఘాల విలీనం రూపం దాల్చింది. 1919 మేలో తరంగంబాడిలో 33 మంది సమావేశమయ్యారు. ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. వారిలో దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య ముఖ్యుడు. 28 సంవత్సరాల తరువాత, 1947 సెప్టెంబరు 27న, దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. దానిని చూడకుండానే అజరయ్యగారు 1945లో ప్రభువునందు నిద్రించారు. ఆ దీర్ఘకాల చర్చల్లో ప్రధానంగా నలిగినవి బిషప్పుల స్థానం, అభిషేకం, ప్రభురాత్రి భోజనం వంటి సంగతులు. అవి తప్పక చర్చించవలసినవే. కాని మన గ్రామాల్లో ఒకే శాఖకు చెందిన విశ్వాసులకు సైతం మాలపేటలో ఒక మందిరం, మాదిగపేటలో మరొక మందిరం ఉండుట మనకు తెలుసు. సంఘశాఖల ఒప్పందాలు ఆ గోడను తాకలేవు.

ఆ గోడను ప్రార్థనలోనికి తెచ్చినది విద్యార్థులు. 2013 ప్రార్థనా వారానికి అంశాన్ని స్టూడెంట్ క్రిస్టియన్ మూవ్‌మెంట్ ఆఫ్ ఇండియా సిద్ధపరచింది. మీకా 6:6-8 ఆధారంగా, దేవుడు మన నుండి ఏమి కోరుతున్నాడని వారు అడిగారు. ఎనిమిది దినాల ధ్యానాలనూ నడక అనే భావంపై నిర్మించి, దళితులు అనుభవించే అన్యాయాన్ని ప్రపంచ సంఘం ఎదుట ఉంచారు. కులాన్ని విడువకుండా ఐక్యతను కోరలేమనుట వారి సాక్ష్యం.

ఈ చరిత్ర కాపరులమైన మనల్ని ఒక ఆచరణాత్మక ప్రశ్న అడుగుతుంది. మన పట్టణాల్లో ఐక్య ప్రార్థనలు జరుగుతూనే ఉన్నాయి. అవి ప్రతిసారీ పెద్ద మందిరంలోనే జరిగితే, ప్రసంగం ఎప్పుడూ పెద్ద సంఘానికే దక్కితే, నడుస్తున్నది పేటలోని చిన్న సంఘం మాత్రమే. అప్పుడు మనం తెలియకుండానే 1908 నాటి ప్రార్థననే చేస్తున్నాం. వచ్చే సంవత్సరం పెద్ద సంఘం పేటకు నడిచి వెళ్లి, అక్కడి కాపరి చేతినుండి రొట్టె, పాత్ర అందుకొనుట సాధ్యమేనా? మన సంఘ పెద్దల కూటంలో మొదట చర్చించవలసినది ఇదే.