జపాన్ మిఠాయిలు, చిరుతిళ్లు: చూసి పోల్చుకునే తీరు

జపాన్ తీపి తినుబండారాల్లో రెండు పెద్ద తెగలున్నాయి. బియ్యప్పిండి, పప్పుగింజలు, చక్కెరతో సంప్రదాయ పద్ధతిలో చేసేవి వగాషి. వెన్న, పాలు, గుడ్లు, మైదాతో పాశ్చాత్య పద్ధతిలో చేసేవి యోగాషి. 1868లో మొదలైన మెయిజీ కాలంలో యూరప్ వంటకాలు దేశంలోకి వెల్లువలా రావడంతో, పాతవాటికీ కొత్తవాటికీ వేరువేరు పేర్లు అవసరమయ్యాయి. ఇవి కాక బియ్యంతో చేసే ఉప్పటి కరకరల అప్పచ్చులు, కర్మాగారాల్లో తయారయ్యే పొట్లాల సరుకు, పిల్లలు చిల్లర డబ్బులతో కొనుక్కునే దగాషి కూడా ఉన్నాయి.

కొత్తగా వెళ్లిన యాత్రికుడికి ఎదురయ్యే చిక్కు ఒకటుంది. పైకి ఒకేలా కనిపించే రెండు ఉండల్లో వేరువేరు పదార్థాలు ఉండవచ్చు. ఒకే వస్తువుకు ఊరు మారితే పేరు మారవచ్చు. రంగును నమ్మితే చాలాసార్లు తప్పుతుంది. పై పొర దేనితో చేశారు, లోపల ఏముంది, ఏ ఊళ్లో ఏ నెలలో అమ్ముతున్నారు అన్న వరుసలో చూడటమే నమ్మదగిన పద్ధతి.

లోపలి ముద్ద, పై పొర

వగాషికి ప్రాణం అన్‌కో. అజుకి అనే చిన్న ఎర్రగింజలను ఉడికించి, చక్కెర వేసి దగ్గరగా వచ్చేదాకా కలిపితే అన్‌కో తయారవుతుంది. వృక్షశాస్త్రం ప్రకారం అజుకి కూడా మినుములు, పెసలు, అలసందలు చేరిన విగ్నా ప్రజాతిలోదే. బొబ్బట్లలోనూ బూరెల్లోనూ పూర్ణం తిని పెరిగిన తెలుగువారికి ఈ రుచి పరాయిది కాదు. యాలకులు, నెయ్యి మాత్రం ఇందులో ఉండవు. గింజ పలుకు నోటికి తగిలేలా ఉంచినది త్సుబుఅన్. పొట్టు తీసి, వడకట్టి మెత్తగా చేసినది కోషిఅన్. తెల్ల గింజలతో చేసినది షిరోఅన్. తేనీటి విందుల్లో పువ్వులుగా, ఆకులుగా మలిచి పెట్టే నెరికిరికి ఆధారం ఈ తెల్ల ముద్దే. అందువల్ల అద్దాల పెట్టెలో పది రూపాల్లో కనిపించినా నెరికిరి రుచిలో తేడా స్వల్పం. దాని విలువ చేతిపనిలోనూ, అది సూచించే ఋతువులోనూ ఉంది.

పై పొరల్లో ముఖ్యమైనది మోచి. జిగురు బియ్యాన్ని ఆవిరి మీద ఉడికించి రోట్లో దంచితే సాగే ముద్ద వస్తుంది. అందులో అన్‌కో పెట్టి గుండ్రంగా చుడితే దైఫుకు. లోపల స్ట్రాబెరీ పండు కూడా పెట్టే రకం 1980లలో వచ్చింది. మోచి గొంతులో ఇరుక్కుని జపాన్‌లో ఏటా, ముఖ్యంగా కొత్త సంవత్సరం రోజుల్లో, వృద్ధులు ప్రాణాలు కోల్పోతుంటారు. కాబట్టి చిన్న ముక్కలుగా, బాగా నమిలి తినాలి. బియ్యప్పిండి ఉండలను పుల్లకు గుచ్చినవి దాంగో. సోయా సాస్, చక్కెర కలిపిన గోధుమరంగు పాకం పూస్తే అది మితారషి దాంగో. గులాబీ, తెలుపు, ఆకుపచ్చ ఉండలు వరుసగా ఉంటే హనామి దాంగో.

గోధుమపిండి పొరలో ముద్ద పెట్టి ఆవిరి మీద ఉడికించినది మంజు. రెండు గుండ్రని మెత్తటి అట్ల మధ్య అన్‌కో పెడితే దొరయాకి. డోరేమాన్ కార్టూన్ చూసిన భారతీయ పిల్లలు దుకాణంలో దీన్ని చూడగానే గుర్తుపడతారు. పిండిని చేప ఆకారపు అచ్చులో పోసి కాలిస్తే తైయాకి. గుండ్రటి లోతైన అచ్చులో కాల్చిన దాన్ని టోక్యోలో ఇమగావయాకి అంటారు. అదే తినుబండారం ఇతర ప్రాంతాల్లో ఒబన్‌యాకి, కైతెన్‌యాకి అనే పేర్లతో అమ్ముడవుతుంది. ఇలాంటి చోట పేరు పట్టుకుని వెతకడం కంటే అచ్చును చూడటం మేలు.

పొర లేని మిఠాయిలూ ఉన్నాయి. అన్‌కోను కంతెన్‌తో గట్టిపరిచి ఇటుక ఆకారంలో కోసేది యోకన్. కంతెన్ సముద్రపు నాచు నుంచి తీసే పదార్థం, జంతుసంబంధం లేనిది. చల్లగా, వణుకుతూ, వేయించిన సోయా పిండి చల్లుకుని కనిపించేది వరబిమోచి. ఇందులో బియ్యం ఉండదు, ఒక రకం ఫెర్న్ మొక్క వేళ్ల నుంచి తీసిన పిండి దీనికి మూలం. ఆ పిండి ఖరీదైనది కావడంతో ఇప్పుడు వేరే దుంపల పిండి కలపడం మామూలు.

తడి, పొడి

వృత్తిదారులు వగాషిని తేమను బట్టి విభజిస్తారు. తేమ 30 శాతం లేదా అంతకు మించితే నమగాషి, 10 నుంచి 30 శాతం మధ్య ఉంటే హన్‌నమగాషి, 10 శాతం లోపైతే హిగాషి. యాత్రికుడికి ఈ విభజనే అన్నిటికంటే ఎక్కువ పనికొస్తుంది. నమగాషి ఒకటి రెండు రోజులకే చెడుతుంది లేదా గట్టిపడుతుంది. హిగాషి నెలల తరబడి నిలుస్తుంది. హిగాషిలో మేలైనవాటిని షికోకు దీవిలోని కగావా, తొకుషిమా ప్రాంతాల వసన్‌బొన్ చక్కెరను అచ్చుల్లో నొక్కి చేస్తారు. అవి నాలుక మీద పెట్టగానే కరిగిపోతాయి.

పొడి మిఠాయిల్లో బొడిపెలతో రంగురంగుల పూసల్లా ఉండే కొన్‌పెయితో పోర్చుగీసువారి ద్వారా వచ్చింది. లూయిస్ ఫ్రోయిస్ అనే జెసూట్ పాద్రీ 1569లో యుద్ధప్రభువు ఓదా నొబునాగాకు దాన్ని కానుకగా ఇచ్చాడు. నాగసాకి ప్రసిద్ధ కేకు కసుతెరా కూడా ఆ సంపర్కం నుంచి పుట్టినదే. అందులో వెన్న ఉండదు కానీ గుడ్లు దండిగా ఉంటాయి. అడుగున పలుకు చక్కెర తగిలితే అది పాత పద్ధతిలో చేసినదని తెలుస్తుంది.

ఉప్పటి రకాల్లోనూ పదార్థమే తేడా చెబుతుంది. మామూలు బియ్యంతో చేసి కాల్చినవి సెన్‌బెయి. జిగురు బియ్యంతో చేసినవి అరరె, ఒకాకి. సోయా సాస్ పూసి కాల్చే సెన్‌బెయికి సైతామా ప్రాంతంలోని సోకా పట్టణం పేరుపొందింది. నెలవంక ఆకారంలో, కారంగా, తరచూ వేరుశనగపప్పుతో కలిసి వచ్చే కాకినోతనె నిగాతా ప్రాంతపు సరుకు. నారా ఉద్యానంలో బండ్ల మీద అమ్మే గుండ్రని సెన్‌బెయి మాత్రం జింకలకు పెట్టేందుకే. అది తవుడుతో చేసినది, మనుషుల తిండి కాదు.

నెల, ఊరు

కొన్ని వగాషి క్యాలెండరును అనుసరిస్తాయి. వసంతంలో వచ్చే సకురామోచిని ఉప్పులో ఊరిన చెర్రీ ఆకులో చుడతారు. టోక్యో వైపు దాని పొర పలుచని గోధుమ అట్టు. క్యోటో, ఒసాకాల వైపు పలుకుగా ఉండే జిగురు బియ్యపు ముద్ద. ఆ ఆకును తినవచ్చు. మే 5న పిల్లల పండుగకు చేసే కషివమోచికి చుట్టిన ఓక్ ఆకును మాత్రం తీసేయాలి. జూన్ 30న క్యోటోలో తినే మినజుకి తెల్లటి త్రికోణం. మంచుగడ్డను తలపించే ఆ ముక్క మీద అజుకి గింజలు పరుస్తారు. వసంత, శరత్ విషువత్తుల వారాల్లో అన్నపు ముద్దకు బయట అన్‌కో పట్టించి చేసేది వసంతంలో బొతమోచి, శరత్తులో ఒహాగి. ఇక్కడ పూర్ణం బయట, అన్నం లోపల.

ఊరిని బట్టి పోల్చుకోవడం ఇంకా తేలిక. ప్రయాణం చేసినవారు బంధువులకు, సహోద్యోగులకు ఆ ఊరి తినుబండారం తీసుకెళ్లడం జపాన్‌లో దాదాపు బాధ్యత. అలా తీసుకెళ్లే కానుకను ఒమియాగె అంటారు. అందుకే స్టేషన్లలో ఒక్కో ఊరికి ఒక్కో పెట్టె నిలిచింది. ఇసెలో 1707 నుంచి ఉన్న అకఫుకులో మోచి మీద అన్‌కోను వేళ్లతో గీతలుగా దిద్దుతారు. అవి ఇసుజు నది పారే తీరుకు గుర్తు. దాల్చినచెక్క వాసనతో త్రికోణంగా మడిచిన మెత్తటి పొర క్యోటో నమ యత్సుహషి. మేపుల్ ఆకు ఆకారపు మంజు హిరోషిమా దగ్గరి మియాజిమా దీవిది. 1976లో వచ్చిన షిరోయి కొయిబితో సప్పొరో నగరపు తెల్ల చాక్లెట్ బిస్కెట్టు. హమమత్సు ఊరి ఉనాగి పైలో నిజంగానే ఆ పేరుగల చేప సారం ఉంటుంది.

పొట్లం మీద

సూపర్‌మార్కెట్లలో, కన్వీనియన్స్ దుకాణాల్లో దొరికేవి చాలావరకు కంపెనీ సరుకు. కల్బీ వారి రొయ్యల కరకరలు కప్ప ఎబిసెన్ 1964లో, గ్లికో వారి పాకీ 1966లో, మొక్కజొన్న గొట్టం ఉమయిబో 1979లో వచ్చాయి. ఉమయిబో ఒక్కోటి 2022 దాకా 10 యెన్‌లకే అమ్మారు. పొట్లం మీది బొమ్మ రుచిని చెబుతుంది కానీ పదార్థాన్ని చెప్పదు. అసలు సమాచారం వెనకవైపు చిన్న అక్షరాల పట్టికలో ఉంటుంది. అందులో మొదటి వరుస వస్తువు రకం. తరువాతి వరుసలో ముడిపదార్థాలను బరువు తగ్గే క్రమంలో రాస్తారు. గోధుమ, గుడ్లు, పాలు, వేరుశనగ, బక్‌వీట్, రొయ్య, పీత, అక్రోటు ఉంటే తప్పక చెప్పాలి.

భారతదేశపు పొట్లాల మీది ఆకుపచ్చ చుక్క లాంటి తప్పనిసరి గుర్తు జపాన్‌లో లేదు. శాకాహారులు వెతకవలసినవి జెలాటిన్, పందికొవ్వు, మాంసపు సారం, కత్సువో అనే చేప సారం. ఆలుగడ్డ చిప్సులో మాంసపు సారం, సోయా సాస్ రుచి అప్పచ్చుల్లో చేప సారం ఉండటం అరుదు కాదు. ఈ లెక్కన చూస్తే గుడ్డు లేని దైఫుకు, యోకన్ వంటి పాతకాలపు వగాషే శాకాహారికి ఎక్కువ అనుకూలం.

తేదీని సంవత్సరం, నెల, రోజు క్రమంలో వేస్తారు. ఒక్కోసారి 2019ని మొదటి ఏడుగా లెక్కించే రెయివా శకంలోనూ ఉంటుంది. షోమి కిగెన్ అని ఉంటే ఆ రోజు దాకా రుచి బాగుంటుందని. షోహి కిగెన్ అని ఉంటే ఆ రోజు దాటాక తినరాదని. డిపార్ట్‌మెంట్ స్టోర్ల నేలమాళిగల్లో అమ్మే నమగాషి మీద చాలావరకు రెండోదే ఉంటుంది. అది కొన్న రోజునో మర్నాడో తినవలసినదే, విమానంలో ఇంటికి తెచ్చేందుకు పనికిరాదు.