కీమోథెరపీ: ఇంటివద్ద గడచు దినములు

1874లో వాడి నుండి సికిందరాబాదు వరకు నిజాం రైలుమార్గము పడినది. ఆనాటినుండి తాండూరు, వికారాబాదు ప్రజలకు పెద్ద వైద్యమనగా రైలెక్కి హైదరాబాదు పోవుటయే. 1955లో ఆ నగరమున కాన్సరు ఆసుపత్రి వెలసినది. మెహదీ నవాజ్ జంగ్ పేరిట అది నేడును రెడ్‌హిల్స్‌లో నడచుచున్నది. కీమోథెరపీకి నగరమునకు పోవువారిలో చాలమంది ఒకటి రెండు దినములుండి, మందెక్కించుకొని, ఇల్లు చేరుదురు. తరచుగా మూడు వారములకు గాని మరల పిలుపు రాదు. అనగా చికిత్సలో ఒక దినము ఆసుపత్రిది, ఇరువది దినములు ఇంటివి. మందు చేయు కీడులో హెచ్చుభాగము ఆ ఇరువది దినములలోనే బయటపడును. వానికి వెరచి రెండవ విడతకో, మూడవ విడతకో వెళ్ళక మానుకొనువారు కలరు. ఆ దినములను దాటుటకు నేడు మనకు తెలిసిన ఉపాయములు ఊరక దొరకినవి కావు. వాని వెనుక ఒక చరిత్ర ఉన్నది.

ఆ చరిత్రలో తొలిమెట్టు వికారాబాదు ప్రక్కనే కలదు. మూసీనది పుట్టిన అనంతగిరి అడవులలో నిజాం పరిపాలనాకాలమున క్షయరోగులకు శానిటోరియము కట్టినారు. ఆ రోజులలో క్షయకు మందు లేదు. మంచిగాలి, విశ్రాంతి, పాలు, గ్రుడ్లు, వేళకు నిద్ర: ఇదియే చికిత్స. తరువాత స్ట్రెప్టోమైసిన్, పి.ఏ.ఎస్., 1952లో ఐసోనియాజిడ్ వచ్చినవి. 1956లో మదరాసులో ఒక పరిశోధన మొదలైనది. సగముమంది రోగులను శానిటోరియములో ఉంచి, సగముమందికి వారి ఇరుకు ఇండ్లలోనే, వారు తిను పేద తిండితోనే, ఒక ఏడాది మందిచ్చి చూచినారు. 1959లో ప్రకటించిన ఫలితము లోకమునకు ఆశ్చర్యము కలిగించినది. రెండు పక్షములును ఇంచుమించు ఒకే తీరున కోలుకొన్నవి. మందు క్రమము తప్పకున్నచో ఇల్లును ఆసుపత్రి కాగలదని తేలినది. అయితే ఆ మందులకును బాధలు లేకపోలేదు. పి.ఏ.ఎస్. కడుపును త్రిప్పెడిది, ఐసోనియాజిడ్ కొందరికి అరికాళ్ళ మంటలు తెచ్చెడిది. ఆ మంటలకు బి6 విటమిను విరుగుడని కనుగొన్నారు. మందును మానక, దాని కీడును మాత్రము అణచుట అను మార్గము అక్కడ స్పష్టముగా కనిపించుచున్నది. మదరాసు సంస్థ పేరులోనే 'కీమోథెరపీ' అను మాట ఉండెను. జర్మను పండితుడు పాల్ ఎర్లిక్ కల్పించిన ఆ మాట సూక్ష్మజీవులను చంపు మందులకై పుట్టినది; కాన్సరుకు దక్కినది తరువాతనే.

కాన్సరు కథలో మన తెలుగువాడు ఎదురగును. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి అన్నదమ్ములిద్దరు స్ప్రూ అను గ్రహణివంటి వ్యాధితో మరణించినారు. నాలుక పూయుట, విరేచనములు, రక్తహీనత దాని లక్షణములు. సుబ్బారావుగారు 1923లో అమెరికా చేరినారు. 1940 నుండి లెడర్లీ ప్రయోగశాలలో పనిచేసినారు. ఆయన నాయకత్వమున 1945 నాటికి అక్కడ ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినారు. స్ప్రూ రోగికి కొరవడు పదార్థములలో అది ఒకటి. కణము రెండుగా చీలుటకు ఈ ఆమ్లము కావలెను. అట్లయిన, దానికి అడ్డు తగులు పదార్థమును తయారుచేసినచో పిచ్చిగా చీలిపోవు కాన్సరు కణమును ఆపవచ్చును గదా! ఆ విధముగా వచ్చినదే అమినాప్టెరిన్. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ దానిని ల్యుకేమియా సోకిన 16 మంది పిల్లలకు ఇచ్చి చూచినాడు. 10 మందికి వ్యాధి తాత్కాలికముగా వెనుకకు తగ్గినది. ఆ వార్త 1948 జూనులో అచ్చయినది. రెండు నెలలకే, ఆగస్టులో, సుబ్బారావుగారు కన్నుమూసినారు.

ఆ పిల్లలకు మందువలన కలిగిన బాధలలో ముఖ్యమైనది నోటిపూత. ఇచ్చట ఒక్క క్షణము ఆగి ఆలోచింపవలెను. ఫోలిక్ ఆమ్లము దొరకని దేహములో నోరు పూయును. ఆ ఆమ్లమును మందుతో అడ్డగించినను నోరు పూయును. సుబ్బారావుగారి ఇంట మృత్యువై వచ్చిన లక్షణమే ఆయన ఔషధమునకు నీడగా వెంటవచ్చినది. కారణము ఒక్కటే. నోటి లోపలి పొర, ప్రేగుల పొర, వెండ్రుకల కుదుళ్ళు, ఎముకలలోని మూలుగ, ఇవన్నియు వేగముగా చీలు కణములు గల తావులు. మందుకు శత్రువెవడో, మిత్రుడెవడో తెలియదు. దీనికి విరుగుడుగా ఫోలినిక్ ఆమ్లమును కనుగొన్నారు. మెథోట్రెక్సేటును పెద్ద మోతాదులో ఇచ్చిన పిదప గంటలు లెక్కపెట్టి దానిని ఇచ్చెదరు. ఆ లెక్క వైద్యునిది. అందుచేత 'బలమునకు' అని దుకాణములో విటమిను మాత్రలు కొని మ్రింగుట తగదు, అడిగి వేసికొనవలెను. నోటికి మాత్రము మన వంటయింటిలోనే సాయమున్నది. గోరువెచ్చని గ్లాసెడు నీటిలో చిటికెడు ఉప్పు, పావుచెంచా వంటసోడా కలిపి దినమునకు నాలుగైదు మారులు పుక్కిలింపవలెను. వేపపుల్లకు ఆ కొద్ది వారములు సెలవిచ్చి, మెత్తని బ్రష్షు వాడవలెను. జొన్నరొట్టె గ్రుచ్చుకొనును, జొన్నగటక జారిపోవును.

ఇక ప్రాణాపాయపు మాట. రెండవ ప్రపంచయుద్ధమున, 1943 డిసెంబరులో, ఇటలీలోని బారి రేవుపై బాంబులు పడి, ఓడలోని మస్టర్డ్ విషము వెలువడినది. బాధితుల రక్తములో తెల్లకణములు పడిపోయినవని సైనిక వైద్యులు గమనించినారు. ఆ విషమునకు దాయాదియైన నైట్రోజన్ మస్టర్డును యేల్‌లో 1942లోనే రహస్యముగా రోగికి ఇచ్చి చూచియుండిరి. విషమే మందైనది, తెల్లకణముల క్షయము మాత్రము మిగిలినది. 1966లో గెరాల్డ్ బోడే అను వైద్యుడు ల్యుకేమియా రోగుల లెక్కలు తీసి, న్యూట్రోఫిల్ అను తెల్లకణములు ఎంత తగ్గిన అంటువ్యాధుల బెడద అంత హెచ్చునని రుజువు చేసినాడు. నేటి కట్టుబాట్లకు ఇది పునాది.

మందెక్కిన పిదప సుమారు 7వ దినము నుండి 14వ దినము వరకు ఈ కణములు అడుగంటియుండును. అనగా రోగి తాండూరులో, తన ఇంట, బంధువుల పరామర్శల నడుమ ఉన్న సమయమున! పరామర్శ మన మర్యాదయే, కాదనను. కాని జలుబుతో వచ్చువారిని గడప బయటనుండియే పంపివేయుట తప్పు కాదు. చేతులు సబ్బుతో కడుగుట, కాచిన నీరు, అప్పుడే వండిన అన్నము, బండల మిల్లుల దుమ్మునకు దూరముగా ఉండుట ముఖ్యము. థర్మామీటరు ఇంట ఉండితీరవలెను. 100.4 డిగ్రీలు చూపినచో అది మామూలు జ్వరము కాదు. మాత్ర వేసి అణచిపెట్టి మరునాటికి వాయిదా వేయరాదు.

వాంతుల చరిత్ర వేరు. 1970 దశకములో సిస్‌ప్లాటిన్ వచ్చినప్పుడు రోగులు పడిన యాతన అంతింత కాదు. ఎందరో చికిత్సనే వదలుకొన్నారు. సిరోటోనిన్ అను పదార్థము ప్రేగులనుండి మెదడుకు వాంతి కబురు మోయునని తెలిసిన పిదప, ఆ కబురును అడ్డగించు ఆన్‌డాన్‌సెట్రాన్ 1990 ప్రాంతమున వచ్చినది. నా దృష్టిలో ఈ చిన్నమాత్ర కొన్ని పెద్ద మందులకన్న ఎక్కువ మేలు చేసినది. అయితే దానిని వాంతి అయిన పిదప కాదు, వైద్యుడు చెప్పిన వేళకు ముందుగానే వేసికొనవలెను. అది మలబద్ధకము చేయును; నీరు త్రాగవలెను.

మన వాకిళ్ళలోని బిళ్ళగన్నేరు మొక్కనుండి 1958లో విన్‌బ్లాస్టిన్, 1963 నాటికి విన్‌క్రిస్టిన్ అను మందులు వచ్చినవి. వ్రేళ్ళ తిమ్మిరి విన్‌క్రిస్టిన్ లక్షణము. బొత్తాములు పెట్టుకొనుట కష్టమైనచో వెంటనే చెప్పవలెను. మొక్క ఇంట ఉన్నదిగదా అని ఆకు నూరి త్రాగువారు ప్రమాదమును కొనితెచ్చుకొనుచున్నారు. ఆ మందును గీటులలో కొలిచి నరములోకే ఇచ్చెదరు. ఎవరో ఇచ్చిన పసరులైనను, నొప్పుల బిళ్ళలైనను, వైద్యునికి చూపక వాడరాదు.

పథ్యమును గురించి ఒక మాట. జబ్బు అనగానే పప్పు మాన్పించి, చారన్నము పెట్టుట మనవారి అలవాటు. కీమోథెరపీలో ఇది అపచారము. చెడిన కణజాలమును తిరిగి కట్టుటకు మాంసకృత్తులు కావలెను. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందిపప్పు ఎదుటనుండగా రోగిని పస్తుంచుట ఏమి న్యాయము? పప్పుకట్టు, బాగుగా ఉడికిన గ్రుడ్డు, పలుచని గటక, కొద్దికొద్దిగా దినమునకు ఆరుమారులు పెట్టవచ్చును. అలసట ఉన్నను సాయంకాలము వాకిట నాలుగు అడుగులు వేయుట మేలు. జుట్టు రాలును, చికిత్స ముగిసిన కొద్ది నెలలకు సాధారణముగా మరల మొలచును. కాని స్త్రీ తలపై జుట్టు లేకుండుటకు మన సంఘము అంటగట్టిన పాత అర్థములు అంత త్వరగా పోవు. ఇంటివారు ఈ సంగతి ముందే ఎరిగియుండవలెను.

హైదరాబాదులో మందెక్కించుకొని బయలుదేరుటకు ముందు మూడు సంగతులు అడిగి కాగితముపై వ్రాయించుకొనవలెను: ఇచ్చిన మందుల పేర్లు, తెల్లకణములు తగ్గు దినములు, రాత్రివేళ పిలువవలసిన ఫోను సంఖ్య. వికారాబాదులోనో, తాండూరులోనో అర్ధరాత్రి తలుపు తెరచి ఉండు ఆసుపత్రి ఏదో ముందుగానే విచారించి ఉంచుకొనవలెను. జ్వరము వచ్చిన రాత్రి ఆ కాగితము పట్టుకొని అక్కడికే పోవలెను గాని తెల్లవారు రైలు కొరకు కూర్చుండరాదు.