పెన్సిలు గీతలోంచి పారిన కరెంటు

అమెరికాలో 1920లలో ఓహియో స్టేట్ యూనివర్సిటీ ఆచార్యుడు సిడ్నీ ప్రెస్సీ పరీక్ష పెట్టే చిన్న యంత్రం తయారుచేశాడు. కిటికీలో ప్రశ్న కనిపిస్తుంది, పక్కనే నాలుగు మీటలు. యంత్రాన్ని ఒక పద్ధతిలో అమరిస్తే, సరైన మీట నొక్కేదాకా తరువాతి ప్రశ్న రాదు. పిల్లవాడికి తన తప్పు అక్కడికక్కడే తెలిసిపోతుంది. ఎంత మేలైన ఆలోచన! కానీ మాంద్యం రోజుల్లో కొనేవాళ్లు కరువై, 1932లో ప్రెస్సీ ఆ పని వదిలేశాడు.

నిలిచింది వేరే దారి.

రెనాల్డ్ జాన్సన్ మిషిగన్‌లో హైస్కూలు సైన్సు టీచరు. కుర్రతనంలో, అక్కల కోసం వచ్చేవాళ్ల కార్లు కదలకుండా స్పార్క్‌ప్లగ్గుల మీద పెన్సిలుతో గీసేవాడట. గ్రాఫైటు కరెంటును దారి మళ్లించేది. అదే కిటుకుతో జవాబు పత్రాలు దిద్దే యంత్రం కట్టాడు. 1934లో ఐబీఎం అతన్ని ఉద్యోగంలోకి తీసుకుంది. ఆ దశాబ్దం చివర్లో వచ్చిన ఐబీఎం 805, సరైన గడుల్లోని గీతల గుండా పారే కరెంటును కొలిచి, ముల్లుతో మార్కులు చూపేది. వేగం అమోఘం. అయితే ఏ ప్రశ్న దగ్గర తడబడ్డాడో పిల్లవాడికి చెప్పే ప్రెస్సీ గుణం ఇందులో లేదు, అదే అసలు నష్టం.

1950లలో అయోవాలో ఇ.ఎఫ్. లిండ్‌క్విస్ట్ బృందం కరెంటు బదులు కాంతితో గీతలు చదివించింది. ఎంసెట్‌లో తెలుగు విద్యార్థులు ఏళ్ల తరబడి సున్నాలు నింపిన ఓఎంఆర్ షీటుది ఆ వరసే.