ఈవెంటింగ్: గుర్రాన్ని పై స్థాయికి తీసుకెళ్లడం

డ్రెసాజ్, క్రాస్‌కంట్రీ, షో జంపింగ్ మూడూ ఒకే గుర్రంపై ఒకే రౌతు పూర్తిచేసే అశ్వక్రీడ ఈవెంటింగ్. అంతర్జాతీయ పోటీలు ఒక నక్షత్రం నుంచి ఐదు నక్షత్రాల దాకా ఉంటాయి. మూడు నక్షత్రాలు, ఆపై పోటీలకు కింది స్థాయిలో కనీస అర్హత సాధించాలి: డ్రెసాజ్‌లో 55 శాతం, క్రాస్‌కంట్రీ అడ్డంకుల దగ్గర తప్పు లేకపోవడం, జంపింగ్ అడ్డంకుల్లో 16 పెనాల్టీలు దాటకపోవడం వంటివి.

ఇది కాగితం మీది అర్హతే. రెండు నుంచి మూడు నక్షత్రాలకు వెళ్తే క్రాస్‌కంట్రీ వేగం నిమిషానికి 520 నుంచి 550 మీటర్లకు, అడ్డంకుల గరిష్ఠ ఎత్తు 1.10 నుంచి 1.15 మీటర్లకు పెరుగుతుంది. ఆ ఐదు సెంటీమీటర్లు గుర్రానికి ఒక లెక్క కాదు. అసలు పరీక్ష మలుపు తిరగ్గానే ఎదురయ్యే ఇరుకు అడ్డంకి దగ్గర, నీళ్లలోకి దూకే చోట. గుర్రం చెవులు నిక్కించి తనంతట తానే అడుగు సర్దుకుంటోందా, రౌతు మడమలతో పొడిస్తేనే కదులుతోందా? మర్నాడు కాళ్లలో వేడి, వాపు ఉన్నాయా? అనుమానముంటే మరో సీజన్ కిందే ఆడించడం మేలు.

ఒకే గుర్రం ఏళ్ల తరబడి పై స్థాయిలో ఆడగలదు: 2018 జకార్తా ఆసియా క్రీడల్లో తనకు రజతం తెచ్చిన సీన్యర్ మెడికాట్ అనే గుర్రంపైనే భారత రౌతు ఫవాద్ మీర్జా 2021లో టోక్యో ఒలింపిక్స్ ఆడి 23వ స్థానంలో నిలిచారు.