పాడిన గొంతే తీర్పు చెప్పింది

నలభై ఏళ్ళు దాటాయంటే ఆడదాని జీవితంలో ఇక కొత్తగా జరిగేదేమీ లేదని మనలో చాలామందికి ఒక నమ్మకం. పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు, పురుళ్ళు, ఇవన్నీ విశేషాలే, కాదనను. కానీ అవన్నీ వాళ్ళ జీవితాల్లో జరిగే విశేషాలు. మన గురించి మాట్లాడేటప్పుడు మాత్రం "ఒకప్పుడు బాగా పాడేది", "ఒకప్పుడు క్లాసులో ఫస్టు వచ్చేది" అంటారు. మనం కూడా అవునన్నట్టు నవ్వేసి, కాఫీలు కలపడానికి లేస్తాం.

సరిగ్గా ఆ వయసులోనే ఒక గాయని పాటని పక్కన పెట్టి న్యాయశాస్త్రం పుస్తకాలు తెరిచింది. ఊరూ పేరూ లేని గాయని కాదు, దేశమంతా ఎరిగిన గొంతు. ఆవిడ పేరు కొరీ బ్రొకెన్. దేశం నెదర్లాండ్స్, మనం అలవాటుగా హాలండ్ అనే చిన్న దేశం. ఇంగ్లీషు వచ్చినవాళ్ళకి ఆ ఇంటిపేరు "విరిగిన" అన్నట్టు వినిపిస్తుంది గానీ, ఆవిడ కథ వింటే అంతకన్నా నప్పని పేరు ఇంకొకటి వుండదనిపిస్తుంది.

1932 డిసెంబరు 3న ఆ దేశపు దక్షిణాన వున్న బ్రెడా అనే ఊళ్ళో పుట్టింది. ఏడేళ్ళ పిల్లగా వుండగా, 1940 మే నెలలో జర్మన్ సైన్యం వచ్చి దేశాన్ని ఆక్రమించుకుంది. బ్రెడాకి విముక్తి దొరికేసరికి 1944 అక్టోబరు. అంటే ఆడుకోవలసిన వయసంతా పరాయి సైనికుల బూట్ల చప్పుడు మధ్యనే గడిచిందన్నమాట. యుద్ధం అయ్యాక ఆ దేశానికి ఇళ్ళూ, వంతెనలూ కట్టుకోవడం ఎంత అవసరమయిందో, నాలుగు పాటలు వినడం కూడా అంత అవసరమయింది. కొరీ పెరిగి పాడడం మొదలుపెట్టింది ఆ రోజుల్లోనే.

1956లో యూరప్ దేశాల టెలివిజన్ సంస్థలన్నీ కలిసి ఒక పాటల పోటీ పెట్టాయి. దాని పేరు యూరోవిజన్. మొన్న మొన్నటిదాకా ఒకరినొకరు చంపుకున్న దేశాలు, ఒక్క రాత్రి ఒకరి పాట ఒకరు వినడం! మొదటి పోటీ స్విట్జర్లాండులోని లుగానోలో జరిగింది. వచ్చినవి ఏడే దేశాలు, దేశానికి రెండేసి పాటలు. హాలండ్ తరఫున పాడిన ఇద్దరిలో కొరీ ఒకతె. ఆ ఏడు ఆతిథ్యం ఇచ్చిన దేశమే గెలిచింది. మిగతావాళ్ళకి ఎన్నెన్ని వోట్లు వచ్చాయో బయటపెట్టనే లేదు.

మరుసటి ఏడు, 1957 మార్చి 3న, పోటీ జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో. చిన్నప్పుడు ఎవరి సైన్యాన్ని చూసి భయపడిందో ఆ దేశంలోనే నిలబడి, ఇరవై నాలుగేళ్ళ కొరీ తన భాషలో పాడింది. పాట పేరు "నెట్ అల్స్ టూన్". అంటే "అప్పటి లాగే" అని అర్థం. ఒక భార్య భర్తకి తమ తొలినాళ్ళ ప్రేమని గుర్తు చేస్తూ పాడే పాట. పెళ్ళయి కొంతకాలమైన ఏ ఇల్లాలికయినా ఆ పాటలో మాట అర్థం కావడానికి డచ్ భాష రావలసిన పనిలేదు కదా! పాటతో పాటు సెమ్ నైవేన్ అనే విద్వాంసుడి వయొలిన్ కూడా ముచ్చటగా సాగుతుంది. దేశానికి పదిమంది చొప్పున పది దేశాల న్యాయనిర్ణేతలు, మనిషికో వోటు. తమ దేశానికి తాము వేసుకోకూడదు. వున్న నూరు వోట్లలో ముప్ఫయి ఒకటి కొరీకే పడ్డాయి. రెండో స్థానంలో వున్న ఫ్రాన్సుకి వచ్చినవి పదిహేడు.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. ఆ దేశంలో అంతకు ముందు సంవత్సరం దాకా పెళ్ళయిన స్త్రీకి చట్టం దృష్టిలో సొంత సంతకం లేదు. భర్త అనుమతి లేకుండా ఒప్పందం చేసుకోకూడదు, బ్యాంకులో ఖాతా తెరవకూడదు. మైనరు పిల్లలతో సమానం! యూరప్ అంటే ఆడవాళ్ళకి స్వర్గం అనుకునే మనకి యిది వింటే ఆశ్చర్యంగానే వుంటుంది. ఆ నియమాన్ని కొట్టేసిన చట్టం అమల్లోకి వచ్చింది 1957 జనవరి 1న. రెండు నెలలు తిరిగాక ఒక డచ్ అమ్మాయి భార్య మనసులోని మాటని యూరప్ అంతటికీ వినిపించింది. ఈ రెండిటికీ సంబంధం వుందని నేననను. కానీ తారీఖులు పక్కపక్కన పెట్టి చూస్తే మనసుకి ఏదో తోస్తుంది.

గెలిచింది కాబట్టి 1958లో పోటీ వాళ్ళింట్లోనే, హిల్వర్సమ్ పట్టణంలో జరిగింది. కొరీ మూడోసారి పాడింది. ఈసారి వచ్చింది ఎంతో తెలుసా? ఒక్క వోటు! లక్సెంబర్గుతో సమానంగా అట్టడుగున నిలిచింది. ఓడలు బళ్ళవుతాయంటారు గానీ, మరీ ఏడాదిలోనా? అదీ సొంత దేశంలో, తన వాళ్ళందరూ చూస్తుండగా! ఆ పోటీ చరిత్రలో మొదటి స్థానమూ, చివరి స్థానమూ రెండూ చూసిన గాయని ఈవిడ ఒక్కతే అంటారు.

మనమైతే ఆ రాత్రి తర్వాత ఎవరికీ మొహం చూపించి వుండేవాళ్ళం కాదు. కొరీ మాత్రం పాడుతూనే వుంది. 1960లో "మిలోర్" అనే ఫ్రెంచి పాటని డచ్‌లో పాడింది. 1964లో షార్ల్ అజ్నవూర్ "లా మామ్మా" పాటని తన భాషలోకి తెచ్చుకుంది. మృత్యుశయ్య మీద వున్న తల్లి చుట్టూ బిడ్డలంతా చేరడం ఆ పాటలో సంగతి. రెండూ జనం నోళ్ళలో నానాయి. టెలివిజన్లో ఆవిడ పేరుతోనే ఒక కార్యక్రమం నడిచింది.

అంతా సవ్యంగానే వుందనుకునే వేళ, 1973లో ఆవిడ పాటకి సెలవు చెప్పింది. అప్పటికి నలభై నిండి కొద్ది నెలలు. ఇన్నాళ్ళూ చప్పట్లు విన్న మనిషి, చట్టాలూ సెక్షన్లూ వల్లె వేయడానికి కూర్చుంది. పరీక్షలు రాసింది, ప్లీడరయింది. ఆ తర్వాత డెన్ బోస్ నగరంలో జడ్జి అయింది. ఆ దేశంలో మొట్టమొదటిసారి ఒక స్త్రీ జడ్జీ కుర్చీలో కూర్చున్నదే 1947లో. పేరు యొహన్నా హ్యూడిగ్, ఊరు రోటర్‌డామ్. అప్పటికి కొరీ పద్నాలుగు, పదిహేనేళ్ళ పిల్ల.

ఆవిడకేం, పేరుంది, ఆవిడకి సాగింది అంటారేమో. నాకలా తోచదు. పేరు లేనివాళ్ళు కొత్త పని మొదలుపెడితే అడిగేవాళ్ళుండరు. పేరున్న మనిషి క్లాసులో కూర్చుంటే తలలన్నీ అటే తిరుగుతాయి. "ఈవిడకిప్పుడు యిదేం సరదా?" అనే మాట ఏ దేశంలోనైనా పుట్టకుండా వుంటుందా? పైగా ఓడిపోతే ఎలా వుంటుందో ఆవిడకి బాగా తెలుసు. అది తెలిసి కూడా మళ్ళీ పరీక్షకి కూర్చోవడమే నాకు గొప్పగా కనిపిస్తుంది. జడ్జీ ఎదుట నిలబడేవాళ్ళంతా ఏదో ఒకటి గెలవాలనో, ఓడకూడదనో వచ్చేవాళ్ళేగా. ఆ రెండు రుచులూ తెలిసిన మనిషి తీర్పు చెప్పడం బాగుందనిపిస్తుంది.

అలాగని పాటతో తెగతెంపులు చేసుకోలేదు. 1976లో యూరోవిజన్ పోటీ ది హేగ్ నగరంలో జరిగితే, వ్యాఖ్యాతగా పద్ధెనిమిది దేశాల పాటలనీ నడిపించింది ఆవిడే. తను గెలిచిన నలభై ఏళ్ళకి, 1997లో, తన దేశం వోట్లు చదివి వినిపించింది. ఆ దశాబ్దంలోనే మళ్ళీ గొంతు విప్పి పాడింది కూడా. 2000లో స్వీయచరిత్ర ప్రచురించింది. దాని పేరుని మన భాషలో చెప్పాలంటే "నా మటుకు నాకు" అనాలి. 2016 మే 31న, ఎనభై మూడేళ్ళ వయసులో కన్నుమూసింది.

పుస్తకం లోపలి సంగతులు ఎలా వున్నా, ఆ పేరు మాత్రం నాకు భలే నచ్చింది. మన ఇళ్ళల్లో అటకెక్కిన హార్మోనియం పెట్టెలూ, సగంలో ఆగిన బి.ఏ.లూ ఎన్ని వున్నాయో లెక్క తీస్తే తేలేది కాదు. వాటిని దింపాలా వద్దా అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఆయనేమంటారో, అత్తగారేమంటారో, పక్కింటివాళ్ళేమనుకుంటారో అని ఆలోచిస్తూ కూర్చుంటాం. "నా మటుకు నాకు ఏం కావాలి?" అని అడుగుకోవడానికి వంటయ్యాక ఓ పది నిమిషాలు చాలు.