పటం నుంచి పెట్టె దాకా

2023 మార్చి చివర్లో, ఏప్రిల్‌లో ఉత్తర తెలంగాణ పల్లెల్లో పొద్దుగూకితే చాలు, పంచాయతీ ఆఫీసుల ముందు తెల్లటి తెరలు లేచేవి. చాపలు, కుర్చీలు పట్టుకొని ఊరంతా వచ్చి కూచునేది. ఆడిన సినిమా ‘బలగం’. సిరిసిల్లకు చెందిన వేణు యెల్దండి తీసిన ఆ సినిమా మార్చి 3న థియేటర్లకు, 24న ప్రైమ్ వీడియోకు వచ్చింది. ఓటీటీకి రాగానే ఊరి తెరకూ ఎక్కింది. అనుమతి లేని ఈ ప్రదర్శనల మీద నిర్మాతలు నిజామాబాద్ పోలీసులకు ఫిర్యాదు కూడా చేశారు.

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలకు బొమ్మ ముందు గుంపుగా కూచోవడం అలవాటే. ఏ బొమ్మ చూపాలో ఎవరు తేల్చాలి అన్నదే తరానికో తీరుగా మారుతూ వచ్చింది.

సినిమా రాకముందు పటం ఉండేది. నూలుగుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమట్టి, జిగురు కలిపి పట్టించి, ఎర్రటి నేల మీద నకాషీలు అనే చిత్రకారులు వరుసగా బొమ్మలు దింపేవారు. నేటి సిద్దిపేట జిల్లాలోని చేర్యాల ఆ పనికి పేరుపడ్డది. కథకుడు చుట్టను విప్పుకుంటూ, ఒక్కో గడిని కట్టెతో చూపుకుంటూ రాత్రంతా కథ నడిపేవాడు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే హక్కు కూనపులివారిది. ముదిరాజులకు పాండవుల కథ చెప్పేది కాకిపడగలవారు. ఆదిలాబాద్ అడవుల్లో బొమ్మ లేకున్నా పద్ధతి ఇదే: గోండుల ఇండ్లకు వంశపారంపర్యంగా కట్టుబడిన పర్ధాన్లు కిక్రి వాయిస్తూ వాళ్ల దేవతల కథలు పాడేవారు. ఏ ఇంటికి ఏ కథ అన్నది పుట్టుకతోనే తేలిపోయేది.

తర్వాత డేరా టాకీసులు, వాటి వెనకే గని పట్టణాల్లో పక్కా థియేటర్లు వచ్చాయి. టికెట్ కొంటే ఎవరైనా చూడొచ్చు. ఏం ఆడాలో మాత్రం పంపిణీదారుడి ఇష్టం.

టీవీ వచ్చాక ఆ ఇష్టం ఢిల్లీకి పోయింది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం సాయంతో ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని 2,400 ఊళ్లలో ‘సైట్’ ప్రయోగం జరిగింది. ఊరికో టీవీ పెట్టి వ్యవసాయం, ఆరోగ్యం, చదువు చూపారు. 1982లో రంగులు వచ్చాయి. 1983లో ఇన్సాట్-1బి పైకి పోయాక జిల్లా పట్టణాల్లో చిన్న ట్రాన్స్‌మిటర్లు వెలిశాయి. 1987 జనవరిలో ‘రామాయణ్’ మొదలయ్యాక ఆదివారం పొద్దున టీవీ ఉన్న ఇల్లే వాడకట్టుకు టాకీసైంది. భాష హిందీ అయినా ఎవరూ పట్టించుకోలేదు. ఇంటి భాష వినాలంటే రేడియోనే గతి: 1986లో మొదలైన ఆదిలాబాద్ ఆకాశవాణి గోండి కార్యక్రమాలు వినిపించింది.

ఎంపిక మొదటిసారి ఇంటివాళ్ల చేతికి వచ్చింది వీసీఆర్‌తో. దాన్ని తెచ్చింది గల్ఫ్. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు నుంచి దుబాయ్, బహ్రెయిన్, సౌదీ పోయినవాళ్లు సెలవు మీద వచ్చేటప్పుడు టూ-ఇన్-వన్, కంబళ్లు, సెంటు సీసాలతో పాటు వీసీఆర్‌నూ మోసుకొచ్చారు. కొననివాళ్లకు కిరాయి ఉండేది: టీవీ, వీసీఆర్, నాలుగు క్యాసెట్లు, ఒక రాత్రి. పెళ్లిళ్లలో, గణేశ్ మండపాల దగ్గర అదే సంబురం. మొదటి క్యాసెట్ పెద్దల కోసం దేవుడి సినిమా, అర్ధరాత్రి దాటాక పిల్లగాళ్లకు నచ్చిన ఫైటింగ్ సినిమా. బొమ్మ మీద తెల్లగీతలు పడితే ట్రాకింగ్ తిప్పాలి. అయినా కుదరకపోతే మూత విప్పి, స్పిరిట్‌లో తడిపిన మెత్తటి గుడ్డను హెడ్‌కు ఆనించి దుమ్ము తుడవాలి. ఆ పని తెలిసిన పిల్లగాడికి ఆ రాత్రి ముందు వరుసలో జాగా ఖాయం.

1990ల్లో కేబుల్ వచ్చి ఆ ముచ్చటకు తెర దించింది. 1995లో ఈటీవీ, జెమిని రావడంతో తెలుగు రోజంతా ఇంట్లో మోగింది. డాబాల మీద, కరెంటు స్తంభాల మీద నల్లటి తీగ పాకింది. ఏ చానెల్ వస్తది, ఏది రాదు అన్నది ఇక కేబుల్ ఆపరేటర్ ఇష్టం. 2003 నుంచి డీటీహెచ్ గొడుగులు, ఆ తర్వాత సెట్‌టాప్ బాక్సులు వచ్చాక అదే పెత్తనం ప్యాకేజీల రూపం దాల్చింది.

2016 సెప్టెంబరులో జియో రాకతో ఇంట్లో తలా ఒక తెర అయింది. అప్పటికే మల్యాల మండలం లంబాడిపల్లి నుంచి ‘మై విలేజ్ షో’ యూట్యూబ్‌లో నడుస్తున్నది. అందులో నటించే గంగవ్వను ప్రపంచమంతా చూసింది. చూసినవాళ్లు మాత్రం ఒకే ఇంట్లో ఉండి కూడా ఎవరి ఫోన్లో వాళ్లు చూశారు.

అందరినీ మళ్లీ ఒక తెర ముందుకు తెచ్చే కంప్యూటర్ కోసం బయట ప్రపంచంలో చాలా ముందే ప్రయత్నాలు జరిగాయి. మైక్రోసాఫ్ట్ 2002లో టీవీ కోసమే విండోస్ మీడియా సెంటర్ తెచ్చి, 2015లో విండోస్ 10తో దాన్ని వదిలేసింది. ఎక్స్‌బాక్స్ ఆటల పెట్టె మీద పుట్టిన ఎక్స్‌బీఎంసీ 2014లో ‘కోడి’గా పేరు మార్చుకొని ఇప్పటికీ ఉచితంగా దొరుకుతున్నది. తొలినాళ్ల హోమ్ థియేటర్ పీసీలు వీసీఆర్ అంత ఉండేవి. ఇంటెల్ ‘నక్’ వచ్చాక పెట్టె అరచేతికి కుదించుకుపోయింది. 2023లో ఇంటెల్ ఆ వ్యాపారాన్ని ఆసుస్‌కు అప్పగించింది. ఇటు 2024 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వ ఇంటర్నెట్ పథకం టీ-ఫైబర్ ప్రయోగాత్మకంగా మొదలైన ఊళ్లలో పెద్దపల్లి జిల్లా అడవి శ్రీరాంపూర్ ఒకటి. ఇంటి టీవీనే కంప్యూటర్‌గా వాడుకునే ఏర్పాటు అందులో భాగం.

మరి ఈ చిన్న పెట్టె, అంటే మినీ పీసీ, ఏ ఇంటికి పనికొస్తుంది? స్మార్ట్ టీవీ ఉండి, సినిమాలు, యూట్యూబ్ తప్ప వేరే అవసరం లేని ఇంటికి అక్కర్లేదు. పైగా కొన్ని ఓటీటీలు టీవీ యాప్‌లో ఇచ్చినంత మంచి బొమ్మను కంప్యూటర్ బ్రౌజర్‌లో ఇవ్వవు. కొడుకో మనవడో గల్ఫ్‌లో ఉన్న ఇంటి సంగతి వేరు. యూఏఈలో వాట్సాప్ కాల్స్ నడవవు. బోటిమ్, టీమ్స్ లాంటివి కావాలి. మినీ పీసీకి ఒక కెమెరా తగిలిస్తే ముసలవ్వ పెద్ద తెర మీద మనవణ్ని చూస్తూ మాట్లాడొచ్చు. అదే పెట్టె మీద పిల్లల చదువు, ఆన్‌లైన్ దరఖాస్తులు కూడా నడుస్తాయి.

కుటుంబ వాడకానికి 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100 స్థాయి ప్రాసెసర్ చాలు. 4కే వీడియోను తడబడకుండా ఆడిస్తుంది. కరెంటు ఖర్చు తక్కువ, కాబట్టి ఇన్వర్టర్ మీద కూడా సాఫీగా నడుస్తుంది. ర్యామ్ 16 జీబీ, ఎస్ఎస్‌డీ 512 జీబీ ఉంటే మళ్లీ చేయి పెట్టే పని ఉండదు. ఫ్యాన్ లేని పెట్టెలు చప్పుడు చేయవని అమ్ముతారు గానీ, రామగుండం మే నెల ఎండకు అవి వేడెక్కి నెమ్మదిస్తాయి. ఈ ప్రాంతానికి చిన్న ఫ్యాన్ ఉన్నదే మేలు. గోదావరిఖని, మందమర్రి లాంటి బొగ్గు ఊళ్లలోనైతే దాన్ని విప్పి దుమ్ము దులపడం తేలికగా ఉండాలి. చాలా మినీ పీసీలు టీవీ రిమోట్‌కు పలకవు. చిన్న వైర్‌లెస్ కీబోర్డు ధర కూడా లెక్కలో వేసుకోవాలి. మరీ చవకగా దొరికే పెట్టెలో విండోస్ లైసెన్స్ అసలుదేనా అని కొనేముందే అడగాలి.

వీసీఆర్ తప్ప, పటం మొదలు సెట్‌టాప్ బాక్సు దాకా వచ్చినవన్నీ ఎవరో ఎంచి ఇచ్చినవే చూపాయి. వీసీఆర్ తర్వాత ఇంటివాళ్లు తమ బొమ్మలు తామే దాచుకొని, నచ్చినప్పుడు పెద్ద తెర మీద వేసుకునే వీలు ఈ చిన్న పెట్టెలో ఉన్నది. ఎన్నో ఇండ్ల బీరువాల్లో పెళ్లి క్యాసెట్లు ఇంకా పడి ఉన్నాయి. వీసీఆర్లు తయారుచేసిన చివరి కంపెనీ, జపాన్‌కు చెందిన ఫునాయ్, 2016 జూలైలోనే ఆ పని ఆపేసింది. టేపు ఏటేటా పాడవుతున్నది, ఆడించే మిషన్లు తరిగిపోతున్నాయి. పెట్టె కొన్నా కొనకున్నా, ఆ క్యాసెట్లను ఈ ఏడే ఫైళ్లుగా మార్పించి రెండు చోట్ల దాచుకోండి.