‘డిస్కవర్’ అను ఒక క్రియాపదము

మలక్‌పేటలో ఒకే వీధిలో ఉర్దూ, తెలుగు వినవచ్చును. దాచిన సంగతిని ఒకరు జాహిర్ చేయుమందురు, ఇంకొకరు బయటపెట్టుమందురు. మన మాటలో గుట్టు ఇల్లు విడిచి ఆరుబయటికి వచ్చును. ఇంగ్లీషువారి ‘డిస్కవర్’ మాత్రము మీది కప్పును తొలగించును. షేక్స్పియరు కాలమున దానికి వెల్లడించుట అనియు వాడుక కలదు. ‘వెనిస్ వర్తకుడు’ నాటకమున తెర లాగి పేటికలను చూపుమను చోట ఆయన ఆ మాటనే వాడెను. కనుగొనుట అను అర్థము పిమ్మట ప్రబలి, మొదటిది మరుగుపడినది.

ఈ మాట అర్థము తేల్చుటకు మన తెలుగువారి హత్యకేసొకటి లండనుదాక పోయినది. పోలీసుల అదుపులోని ముద్దాయి చెప్పినదానిలో, అందువలన ‘డిస్కవర్’ అయిన సంగతికి సంబంధించినంత మట్టుకే సాక్ష్యమని 1872 నాటి సాక్ష్యచట్టము 27వ సెక్షను. గుంటూరు సెషన్సు కోర్టునుండి వెడలిన పులుకూరి కోటయ్య కేసు తీర్పు 1947 లా రిపోర్టులకెక్కినది. అందు ప్రివీ కౌన్సిలు వివరణ ముచ్చటైనది: ఇంటికప్పులో కత్తి దాచితినని చెప్పి ముద్దాయి చూపినచో, కనుగొన్నది కత్తి కాదు, కత్తులను లోకము ఏనాడో కనుగొన్నది. అది అచ్చట దాగియున్నదనియు, ఆ సంగతి అతడెరుగుననియు మాత్రమే తేలినది. ‘దానితో ఫలానావానిని పొడిచితిని’ అను తోక చెల్లదు.

పత్రికలలో మాత్రము నిందితుడు నేరము ‘వెల్లడించెను’ అని తలయు తోకయు కలిసి పడుచుండును. ‘వెల్లడించెనని పోలీసులు తెలిపిరి’ అనుట మేలని మేమందుము. 2024 జూలై 1న ఆ చట్టము పోయి భారతీయ సాక్ష్య అధినియమము వచ్చినది. ఈ నియమము అందు 23వ సెక్షనున, ‘డిస్కవర్’ అను మాటతో సహా, నిలిచియున్నది.